పెదవి మీద పొక్కు

కళ్ళద్దాల షాపులో ఆమెని అందరూ అద్దాలక్క అనేవాళ్ళు. షాపు ముందు భాగంలో ఫ్రేములు, లైట్లు, నవ్వుతూ పలకరించే సేల్స్ పిల్లలు ఉండేవాళ్ళు. ఆమె చోటు అక్కడ కాదు. వెనక గదిలో కిటికీ పక్కన, నీళ్ళు చుక్కచుక్కగా పడుతూ తిరిగే సానరాయి ముందు. గుండ్రటి లెన్సుని ఫ్రేము ఆకారానికి అరగదీసి, అంచు వేలితో తడిమి చూసి, బిగించడం ఆమె పని. ఇరవై ఆరేళ్ళుగా అదే. అరమిల్లీమీటరు తేడా వస్తే పెట్టుకున్న మనిషికి తలపోటు వస్తుందని ఒకటికి రెండుసార్లు కొలిచేది. ఆమె చేతిలోంచి వెళ్ళిన జోడు వెనక్కి రావడమంటూ ఉండదని యజమాని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. చేసుకోలేదనడం కంటే తీరిక దొరకలేదనడమే నిజం. తండ్రి ముందే పోయాడు. తల్లి పోయేనాటికి ఆమెకి పంతొమ్మిది, తమ్ముడికి ఆరు. పాలపళ్ళు ఊడుతున్న పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆమె షాపులో పని నేర్చుకుంది. వాడి బడి, వాడి జ్వరాలు, వాడి చిరిగిన చెప్పులు, అన్నీ ఆమెవే. వాడు పెద్దవాడై లిఫ్టులు బాగుచేసే కంపెనీలో చేరాక, ఆమే పిల్లని చూసి పెళ్ళి చేసింది. మరదలు లైబ్రరీలో పుస్తకాలకి నంబర్లు వేసి అరల్లో సర్దే ఉద్యోగం చేసేది. మాట తక్కువ మనిషి. పెళ్ళయిన కొత్తలో వదినంటే బెరుకు. తరవాత్తరవాత ఆ బెరుకు గౌరవంగా మారిందే కానీ, చనువుగా మాత్రం మారలేదు. మొగుడికి తల్లిలాంటి మనిషి కదా, ఏదైనా అంటే ఎలా తీసుకుంటుందో అని ప్రతి మాటా లోపల ఒకసారి అనుకుని గానీ పైకి అనేది కాదు.

తొమ్మిదేళ్ళకి వాళ్ళకి పాప పుట్టింది. "ఇన్నాళ్ళకి లిఫ్టు కదిలిందిరా" అని తమ్ముడి తోటి మెకానిక్కులు వాణ్ణి ఏడిపించారు. వాడు సిగ్గుపడుతూనే అందరికీ టీలు పోయించాడు.

పాప పుట్టిన వారంలోనే అద్దాలక్కకి మూతి పేలింది. పండగల ముందు రద్దీలాగా షాపు నిండా పని, దానికి తోడు ఎండలు. రెండు రోజులు ఒళ్ళు నలతగా ఉండి, పై పెదవి మూల చిన్న చిన్న నీటిపొక్కులు గుత్తిగా లేచాయి. ఆమెకది కొత్త కాదు. ఏడాదికి రెండుసార్లయినా లేచేవి. చిమచిమలాడి, చెక్కు కట్టి, వారం తిరక్కుండా రాలిపోయేవి. వేడి చేసిందనుకుని నాలుగు గ్లాసుల మజ్జిగ ఎక్కువ తాగేది. అదొక రోగమని, ఒకరి నుంచి ఒకరికి పోతుందని ఆమెకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

ఆస్పత్రి నుంచి పాపని ఇంటికి తెచ్చిన రోజు ఆమె షాపుకి సెలవు పెట్టి తమ్ముడి ఇంట్లో ఎదురుచూసింది. ఇల్లు తుడిచింది, దుప్పట్లు మార్చింది, కిటికీ తెరలు ఉతికి ఆరేసింది. తమ్ముడు గుమ్మంలో అడుగుపెట్టగానే గుడ్డలో చుట్టిన పాపని నేరుగా ఆమె చేతుల్లో పెట్టాడు.

"ముందు నువ్వే ఎత్తుకోవాలక్కా" అన్నాడు.

పాప చేతికి బరువే అనిపించలేదు. "ఇదేంట్రా, గుప్పెడు కూడా లేదు" అంది. ఆ రోజు నుంచి పాప పేరు గుప్పెడే అయింది. అసలు పేరు తరవాత తీరిగ్గా పెడదామనుకున్నారు. ఆమె పాపని మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. నుదుటి మీద, బుగ్గల మీద, మూసుకున్న కనురెప్పల మీద, నోటి పక్కన ముద్దులు పెట్టింది. తమ్ముణ్ణి పెంచిన రోజులు గుర్తొచ్చి ఆమెకి కళ్ళు చెమర్చాయి. మంచం మీద దిళ్ళకి ఆనుకుని కూర్చున్న మరదలు వాళ్ళిద్దరినీ చూస్తూ ఉంది. ఏదో అనబోయి ఊరుకుంది.

తరవాత వారం రోజులూ ఆమె షాపు కట్టేయగానే తిన్నగా వాళ్ళింటికే వెళ్ళేది. పెదవి మీద చెక్కు ఎప్పుడు రాలిపోయిందో కూడా గమనించలేదు.

పుట్టిన పదకొండో రోజు పాప పాలు సరిగ్గా తాగలేదు. రొమ్ము నోట్లో పెట్టినా రెండు గుక్కలు తాగి నిద్రలోకి జారిపోయేది. మర్నాడు పొద్దున ఒళ్ళు కాస్త వెచ్చగా తగిలింది. అరికాలు గిల్లినా ఏడవలేదు. మరదలు ఇంక ఎవర్నీ అడగలేదు. పాపని ఎత్తుకుని, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా రోడ్డు మీదికి వచ్చి, దొరికిన బండెక్కి పిల్లల ఆస్పత్రికి వెళ్ళిపోయింది. దారిలోంచే మొగుడికి ఫోన్ చేసింది. అద్దాలక్క షాపు నుంచి పరిగెత్తుకొచ్చేసరికి పాపని గాజు పెట్టెలో పడుకోబెట్టారు. చెయ్యి కదలకుండా చిన్న అట్టముక్క కట్టి సూది గుచ్చారు.

పిల్లల డాక్టరమ్మ నలభై దాటిన మనిషి. వేగంగా నడిచేది, నెమ్మదిగా మాట్లాడేది. ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు, జలుబు ఉన్నాయా అని అడిగింది. ఎవరికీ లేవన్నారు. అది నిజమే. రక్తం తీసి పరీక్షకి పంపించారు, వెన్నులోంచి నీరు తీశారు, మందులు మొదలుపెట్టారు. రెండో రోజు పొద్దున పాప ఎడమ చెయ్యి, ఎడమ కాలు లయగా కొట్టుకోవడం మొదలైంది. ఫిట్స్ అన్నారు. అదయ్యాక డాక్టరమ్మ పాప తల తిప్పి చూస్తూ చెవి వెనక ఆగిపోయింది. అక్కడ ఆవగింజంత నీటిపొక్కులు మూడు ఉన్నాయి.

ఆమె వెంటనే నర్సుని పిలిచి ఇంకో మందు ఎక్కించమని చెప్పింది. తరవాత ముగ్గురినీ పక్క గదిలోకి తీసుకెళ్ళింది. ఆ గదిలో మూడు కుర్చీలు, ఒక బల్ల, గోడకి పిల్లల బరువుల పట్టిక ఉన్నాయి.

"ఈ రెండు వారాల్లో పాపని ఎత్తుకున్నవాళ్ళలో ఎవరికైనా మూతి పేలిందా? పెదవి మీద గానీ, నోటి పక్కన గానీ పొక్కు?" అని అడిగింది.

తమ్ముడు ఆలోచించకుండానే లేదన్నాడు. "మేం ముగ్గురమే ఎత్తుకున్నామండీ. ఎవరికీ ఏమీ లేదు."

వాడు నిజంగానే చూడలేదు. ఆ రోజు వాడు పాప మొహం తప్ప ఇంకేమీ చూడలేదు. మరదలు నేల వైపు చూస్తూ ఉండిపోయింది. అద్దాలక్క చెయ్యి దానంతటదే పెదవి దగ్గరికి వెళ్ళబోతే చీర కొంగుని గట్టిగా పట్టుకుంది. చెప్పాలనుకుంది. కానీ ఆ మాట బయటికొస్తే ఆ గదిలో ఏమవుతుందో ఆమె కళ్ళకి కట్టింది. మాట గొంతులోనే ఉండిపోయింది. డాక్టరమ్మ ఇంకోసారి అడగలేదు.

గుప్పెడు ఇంకో నాలుగు రోజులు బతికింది. పరీక్షలో వైరస్ తేలింది. కాలేయం పాడైంది, తరవాత ఊపిరితిత్తులు. గొట్టం ద్వారా ఊపిరి అందించారు. ఆరో రోజు మిట్టమధ్యాహ్నం, కారిడార్లో భోజనాల బండి చక్రాలు చప్పుడు చేసుకుంటూ పోతుండగా, డాక్టరమ్మ తలుపు తీసుకుని వచ్చి మరదలి పక్కన కూర్చుంది. ఆమె ఏమీ చెప్పకముందే వాళ్ళకి అర్థమైంది. తమ్ముడు లేచి గోడ దగ్గరికి వెళ్ళి నుదురు ఆనించి నిలబడ్డాడు. అద్దాలక్క వాడి వీపు మీద చెయ్యి వేసింది. వాడు వెనక్కి తిరిగి, చిన్నప్పటిలాగే ఆమె భుజంలో మొహం దాచుకుని ఏడ్చాడు. ఆ ఏడుపుని మోస్తూ ఆమె కొయ్యబారి నిలబడింది. తను ఏడవలేకపోయింది. వాణ్ణి ఓదార్చే హక్కు తనకి లేదని ఆమెకి ఆ క్షణంలోనే తెలిసింది. అయినా చెయ్యి తియ్యలేదు.

అంతా అయిపోయాక ఆమె పనిలోకి వెళ్ళింది. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. మూడో వారంలో ఒక ముసలాయన జోడుకి కుడి లెన్సు ఎడమ వైపు, ఎడమ లెన్సు కుడి వైపు బిగించింది. ఆయన దాన్ని పెట్టుకుని మెట్లు దిగబోయి తూలాడు. ఎవరో పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. యజమాని కోప్పడలేదు. ఇంటికెళ్ళి నాలుగు రోజులు పడుకోమన్నాడు. ఆయన కోప్పడి ఉంటే బావుండేదని ఆమెకి అనిపించింది.

ఆమె ఇంటికి వెళ్ళలేదు. పిల్లల ఆస్పత్రికి వెళ్ళి, జబ్బు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్న తల్లుల వరసలో కూర్చుంది. పిల్ల ఎక్కడని చీటీలిచ్చే అమ్మాయి అడిగింది. లేదని చెప్పింది. అయినా కూర్చుంది. వరసంతా అయ్యాక డాక్టరమ్మ ఆమెని చూసి గుర్తుపట్టి లోపలికి పిలిచింది.

అద్దాలక్క కుర్చీ అంచున కూర్చుంది. "మీరు ఆ రోజు అడిగారు. నేను చెప్పలేదు. నాకే మూతి పేలింది. పాపని ముద్దాడింది నేనే" అంది.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. దాని ఒక కాడ వదులై వేలాడుతోంది. ఏం చెయ్యాలో తోచక అద్దాలక్క సంచిలోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి, ఆ జోడు అందుకుని, మర బిగించడం మొదలుపెట్టింది.

"మీరు ఆ రోజు చెప్పినా మా వైద్యం మారేది కాదు. అడగక ముందే మందు మొదలుపెట్టేశాను. ఆ ఒక్కటీ మనసులోంచి తీసెయ్యండి" అంది డాక్టరమ్మ.

"మిగతాది?"

"మిగతాది నేను రుజువు చెయ్యలేను. ఈ వైరస్ సగానికి పైగా మనుషుల్లో ఉంటుంది. పొక్కు లేనప్పుడు కూడా ఉమ్ములోంచి రావచ్చు. మీ తమ్ముడికీ ఉండొచ్చు. కానీ మీరు అడగడానికే వచ్చారు, అబద్ధం చెప్పి పంపను. మీ నుంచి వచ్చి ఉండడానికే అవకాశం ఎక్కువ."

అద్దాలక్క తలూపింది. ఆమె చేతులు ఆగలేదు. "అది లోపలికి ఎలా వెళ్తుంది?" అని అడిగింది. "నాకు వివరంగా కావాలి. నాకు చదువు లేదు, కానీ చెప్తే అర్థమవుతుంది."

డాక్టరమ్మ చెప్పింది. వైరస్ ప్రాణమున్న పురుగు కాదని, తనంతట తాను తినలేదని, కదల్లేదని, మనిషి ఒంట్లోని కణం దొరికితే తప్ప ఏమీ చెయ్యలేదని చెప్పింది. కణం పైన సన్నటి చక్కెర పోగులు గడ్డిలా మొలిచి ఉంటాయి. వైరస్ ముందు ఆ పోగులకి వదులుగా అంటుకుంటుంది. అక్కణ్ణించి జారుతూ, గట్టిగా పట్టు దొరికే ఇంకో ముడిని వెతుక్కుంటుంది. అది దొరికాక దాని పైపొర, కణం పైపొర కలిసిపోతాయి. రెండూ కొవ్వు పొరలే కాబట్టి, నీళ్ళ మీద రెండు నూనె బొట్లు కలిసిపోయినట్టే.

"అంటే చీల్చుకుని రాదా?" అంది అద్దాలక్క.

"చీల్చుకోదు. కణమే రానిస్తుంది. ఆ పోగులూ ఆ ముడులూ కణం తన పనుల కోసం పెట్టుకున్నవి. పక్క కణాన్ని అంటిపెట్టుకోవడానికి, కబుర్లు అందుకోవడానికి. వాటినే వైరస్ పట్టుకుంటుంది."

లోపలికొచ్చాక వైరస్ గట్టి డొల్ల ఒకటి మిగులుతుందని, కణం లోపల సామాన్లు మోసే దారాల్లాంటి దారులుంటాయని, వాటి మీదే అది నడిబొడ్డు దాకా ప్రయాణం చేస్తుందని, అక్కడున్న చిన్న రంధ్రంలోంచి తన రాతని లోపలికి వదులుతుందని ఆమె చెప్పింది. "కణానికి అది పరాయి రాత అని తెలీదు. తనదే అనుకుని చదువుతుంది. చదివి, ఆ రాతలో ఎలా ఉంటే అలా తయారుచేస్తుంది. వేలల్లో. చివరికి ఆ కణమే చచ్చిపోతుంది. ఆ వేలూ పక్క కణాల మీద పడతాయి. పెద్దవాళ్ళలో ఒళ్ళు త్వరగా పసిగట్టి అడ్డుకుంటుంది. అప్పుడు వైరస్ నరం వెంట పోయి చెవి దగ్గర నరాల ముడిలో దాక్కుంటుంది. మనిషి నలిగినప్పుడు మళ్ళీ పెదవి మీదికొస్తుంది. మీకు వచ్చేది అదే. పదిహేను రోజుల పిల్లకి అడ్డుకునే బలం ఉండదు. తల్లి ఒంట్లో ఈ వైరస్‌కి విరుగుడు ఉంటే అది పాపకీ కొంత అంది ఉండేది. ఆమె రక్తం పరీక్ష చేశాం. ఆమెకి ఈ వైరస్ ఎప్పుడూ సోకలేదు."

అద్దాలక్క కళ్ళజోడు తుడిచి బల్ల మీద పెట్టింది. "నాకెలా వచ్చి ఉంటుంది?"

"అందరికీ వచ్చినట్టే. చిన్నప్పుడు ఎవరో ముద్దు పెట్టి ఉంటారు."

ఎండాకాలంలో తల్లి మూతి పేలడం, నెయ్యి రాసుకుంటూ మంట మంట అనడం అద్దాలక్కకి బాగా గుర్తు. ఆ పెదవులతోనే తల్లి ఆమె నుదుటి మీద, చెంపల మీద, ఎన్నిసార్లు. తల్లి ఫోటో కూడా ఇంట్లో ఒక్కటే ఉంది, అదీ మొహం సరిగ్గా కనబడనిది. డాక్టరమ్మ ముందు, మూడు వారాల తరవాత, అప్పుడు ఏడ్చింది ఆమె. చప్పుడు లేకుండా, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. డాక్టరమ్మ లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

ఆ ఆదివారం ఆమె తమ్ముడి ఇంటికి వెళ్ళింది. ఉయ్యాల తీసేశారు. అది వేలాడిన కొక్కెం మాత్రం ఉంది. వాడు బయటికి వెళ్ళాడని, వచ్చేస్తాడని మరదలు చెప్పింది. వాడు వచ్చేదాకా ఆగితే తన ధైర్యం ఆగదని అద్దాలక్కకి తెలుసు. గుండె రాయి చేసుకుని మొత్తం చెప్పేసింది. పొక్కు సంగతి, ముద్దుల సంగతి, ఆ గదిలో నోరు మెదపకపోవడం, డాక్టరమ్మ చెప్పింది, ఏదీ దాచలేదు.

మరదలు చివరిదాకా వింది. అయ్యాక, "నాకు తెలుసు వదినా" అంది.

అద్దాలక్క తలెత్తింది.

"ఆ రోజే చూశాను. మీ పెదవి మీద పొక్కుంది. పాపని మొహానికి ఆనించుకున్నారు. మా లైబ్రరీకి వచ్చిన ఒక పుస్తకంలో చదివాను, పసిపిల్లలకి మంచిది కాదని. అలా వద్దు వదినా అందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. తొలిసారి ఎత్తుకుంటున్నారు, ఆయన మొహం చూస్తే వెలిగిపోతోంది. మీరేమనుకుంటారో అని మింగేశాను." ఆమె గొంతు వణకలేదు. అది మరీ భరించలేకుండా ఉంది. "మీకు తెలీక చేశారు. నాకు తెలిసి ఊరుకున్నాను. రోజూ అదే తిరుగుతోంది బుర్రలో. మీరొచ్చి చెప్పేదాకా నేను ఎవరికీ చెప్పుకోలేకపోయాను."

అద్దాలక్క దగ్గరికి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. తొమ్మిదేళ్ళలో తను ఈ పిల్లని ఒక్కసారైనా "నీకేమనిపిస్తే అది అను" అని ఉంటే బావుండేదని మాత్రం అనుకుంది. పైకి ఆ మాటే అంది. మరదలు ఆమె భుజానికి తల ఆనించింది. పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

తమ్ముడు వచ్చేసరికి ఇద్దరూ అలాగే ఉన్నారు. వాడికి మరదలే చెప్పింది, ఇద్దరి తప్పూ కలిపి. వాడు నిలబడే విన్నాడు. చేతిలో ఉన్న రొట్టెల పొట్లం ఎక్కడ పెట్టాలో తెలియనట్టు రెండుసార్లు చేతులు మార్చాడు.

"నేనే కదా నీ చేతుల్లో పెట్టింది" అన్నాడు చివరికి. కాసేపటికి, "నువ్వు కొన్నాళ్ళు రాకక్కా. కోపం కాదు. నిన్ను చూస్తే నాకు ఆ రోజే కనిపిస్తుంది" అన్నాడు.

ఆమె సరేనంది. చెప్పులు తొడుక్కుంటుంటే వాడు గుమ్మం దాకా వచ్చాడు కానీ, అంతకు మించి రాలేదు.

ఆ కొన్నాళ్ళు ఏడు నెలలయ్యాయి. ఆమె షాపుకి వెళ్ళేది, వచ్చేది. మూతి ఒకసారి మళ్ళీ పేలింది. అది తగ్గేదాకా మొహానికి గుడ్డ కట్టుకుని పని చేసింది, ఎవరైనా ఎందుకని అడిగితే దాచకుండా చెప్పింది. సేల్స్ పిల్లల్లో ఒకమ్మాయి నెలలు నిండి ఉంటే, ఆమెని కూర్చోబెట్టి అంతా విడమరిచి చెప్పింది. మొహమాటపడకని, ఎంత పెద్దవాళ్ళనైనా సరే వద్దనమని, కోపమొస్తే రానిమ్మని చెప్పింది. ఆ అమ్మాయికి బిడ్డ పుట్టాక చూడ్డానికి వెళ్ళి, గుమ్మం దగ్గరే కుర్చీ వేయించుకుని కూర్చుని వచ్చింది.

మరదలు మాత్రం పదిహేను రోజులకోసారి వచ్చేది. వచ్చినప్పుడు పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఒకరు కూరగాయలు తరిగితే ఒకరు పొయ్యి దగ్గర నిలబడేవాళ్ళు. వాడు తింటున్నాడా, నిద్రపోతున్నాడా అని అద్దాలక్క అడిగేది. తింటున్నాడు, నిద్ర మాత్రం లేదని మరదలు చెప్పేది. ఒకసారి, పాపకి తాము అసలు పేరు అనుకున్నామని, వదినకి చెప్పి ఆశ్చర్యపరుద్దామని దాచామని చెప్పి, ఆ పేరు చెప్పింది. అద్దాలక్క ఆ పేరుని రెండుసార్లు లోపల అనుకుంది. పైకి అనలేకపోయింది.

ఏడో నెలలో ఒక వాన మధ్యాహ్నం తమ్ముడు తడిసిపోయి వచ్చాడు. దగ్గర్లో ఏదో మేడకి లిఫ్టు పనిమీద వచ్చానన్నాడు. ఆమె తువ్వాలు ఇచ్చింది. టీ ఇచ్చింది. వాడు టీ తాగి, చాప మీద పక్కకి తిరిగి పడుకుని, మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రపోయాడు. రెండు గంటలు కదలకుండా పడుకున్నాడు. జుట్టు అక్కడక్కడా నెరిసింది, అది ఆమె ఇదివరకు చూడలేదు. ఆమె గోడకి ఆనుకుని కూర్చుని వాడి ఊపిరి వింటూ ఉండిపోయింది.

లేచాక వాడు మొహం కడుక్కుని, పనిముట్ల సంచి భుజానికి తగిలించుకున్నాడు. "వచ్చే ఆదివారం ఇద్దరం వస్తాం" అన్నాడు.

ఆదివారం మరదలు ఒక్కతే వచ్చింది. వాడు మెట్ల దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయాడని, ఏమీ అనుకోవద్దని చెప్పింది. అద్దాలక్క ఏమీ అనుకోలేదు. ముగ్గురికని వండినది ఇద్దరూ తిన్నారు, మిగిలింది డబ్బాలో సర్ది వాడికి పంపింది. ఆ పై వారం డబ్బా తోమి తెచ్చింది వాడే. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి, "ఉప్పు తక్కువైందక్కా" అన్నాడు. ఆమె డబ్బా అందుకుంది.